గోతి అంచు

ఆ జనవరిలో మా ఆయన సైలస్ రోజూ పొద్దున ఏడు గంటలకి నా కిటికీ ముందు నిలబడేవాడు. ఇంట్లో నేను వడ్డించినది తిని లేచిపోయే మనిషికి సైటులో మాత్రం నేను సంతకం పెట్టేదాకా పొక్లెయిన్ తాళం తిప్పడానికి లేదు. సోలమన్ దీవుల రాజధాని హోనియారా తూర్పు కొసన, కొండవాలులో కొత్త బడి కడుతున్నారు. బడి మరుగునీళ్ళు కిందికి పోవడానికి వాలు పొడుగునా పైపులు వెయ్యాలి. ఆ పైపుల కోసం తవ్వే గొయ్యికి ఏ రోజు పర్మిట్ ఆ రోజు ఇవ్వడం నా పని.

అంతకుముందు ఆ రేకుల ఆఫీసులోనే టీ పెట్టి, హాజరు రాసేదాన్ని. విలియామె అని ఫిజీ ఆయన సేఫ్టీ ఆఫీసరుగా ఉండేవాడు. క్రిస్మస్‌కి తన దేశం వెళ్ళి తిరిగి రాలేదు. వెళ్ళే ముందు మూడు వారాలు నన్ను వెంటేసుకుని తిరిగి అన్నీ నేర్పాడు. "నేనే ఎందుకు?" అని అడిగితే, "ఈ ఫారం ఆఖరి దాకా చదివింది నువ్వొక్కదానివే, జోస్లిన్" అన్నాడు.

అది పసుప్పచ్చ కాగితం. ఆరు గడులు. మొదటిది, నేల కింద రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబులు లేవని యంత్రంతో చూశారా. రెండోది కరెంటు తీగలు, నీళ్ళ పైపులు. మూడోది నిచ్చెన. నాలుగోది, తవ్విన మట్టిని అంచుకి రెండు అంగల అవతల పోశారా. ఐదోది, ఛాతీ లోతు దాటితే గోడలకి ఇనప పలకలు ఆనించి మధ్యలో అడ్డదూలాలు బిగించారా. ఆరోది, అంచునీ అడుగునీ ఈ రోజు నా కళ్ళతో చూశాను, టైము ఇంత. కింద సంతకం. సాయంత్రం అయిదింటికి ఆ కాగితం చచ్చిపోతుంది. ఈలోగా వాన పడితే వాన పడ్డ క్షణానే చచ్చిపోతుంది, మళ్ళీ చూసి మళ్ళీ రాయాలి.

మొదటి గడి అంటే అందరికీ భక్తి. బాంబుల యంత్రం పట్టుకుని పోలీసులు నడుస్తుంటే మా వాళ్ళు నోట్లో వక్క నమలడం కూడా ఆపేసేవాళ్ళు. ఆరో గడి అంటే నవ్వు.

"సైలస్, ఇంట్లో కూడా కాగితం మీదేనా పని?" అనేవాడు ఒకడు.

"అయిదింటికల్లా పర్మిట్ అయిపోతుందిగా. పాపం, రాత్రిళ్ళు ఖాళీ," అనేవాడు ఇంకొకడు.

సైలస్ కూడా నవ్వేసేవాడు మొదట్లో. నవ్వనిది లెడ్లీ ఒక్కడే. మా ఆడపడుచు ఎథెల్ మొగుడు, నాకు వరసకి అన్న. మా మలైటా దీవి వాళ్ళలో ఆ వరస వాళ్ళ ముందు అలాంటి మాటలు అనకూడదు, అన్నా వినకూడదు. అందుకని తల తిప్పుకుని, ఎన్నిసార్లు లెక్కపెట్టినవో ఆ పైపులే మళ్ళీ లెక్కపెట్టుకునేవాడు. గోతిలోకి దిగి పైపులు అమర్చేది అతనే. సైలస్ తవ్వుకుంటూ పోతాడు, వెనకే లెడ్లీ దిగుతాడు.

మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, బర్న్స్ క్రీక్‌లో. నేనూ సైలస్, ఎథెలూ లెడ్లీ, మా అత్త.

జనవరి రెండో వారంలో వానలు దిగాయి. అప్పట్నించీ నా కాళ్ళు ఒకచోట నిలవడం మానేశాయి. రేకు మీద చినుకు పడితే లేచి కూర్చునేదాన్ని. తెల్లారకుండానే మొదటి బస్సు పట్టుకుని సైటుకి పోయి, బురదలో గోతి పొడుగునా నడిచి, మోకాళ్ళ మీద వంగి చూసి, ఆఫీసుకొచ్చి కూర్చుని, మళ్ళీ లేచి వెళ్ళి చూసేదాన్ని. విలియామె ఉన్నప్పుడు ఈ భయం ఆయనది. ఇప్పుడు నాకొచ్చింది, పెన్నుతో పాటు.

నేను మొదటిసారి పర్మిట్ ఇవ్వనన్నది ఒక మంగళవారం. రాత్రంతా కురిసింది. వంపు దగ్గర గోడలోంచి నీరు ఊరుతోంది, అడుగున పాదం మునిగే బురద. ఇనప పలకలు రెండు జతలే ఉన్నాయి మాకు. మూడో జత ఓడలో వస్తోందని నెల రోజుల నించి చెబుతున్నారు. ఉన్న రెండూ వెనక ముక్కలో బిగించి ఉన్నాయి.

మేస్త్రీ పాట్సన్ కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. "కాగితం ఇయ్యి, జోస్లిన్. ఇరవై రెండు మంది నిలబడి ఉన్నారు."

"వెనక పలకలు ఊడదీసి ముందుకి తెచ్చాక ఇస్తాను."

"అది మధ్యాహ్నం దాకా పడుతుంది."

"మధ్యాహ్నమే ఇస్తాను."

"మట్టికి భయపడేదానివి, మీ అమ్మ తోటలో కుమరా దుంపలు ఎట్లా తవ్వావే?"

"కుమరా తవ్వడానికి మనిషిలోతు దిగలేదు మేస్త్రీ."

ఎవరో కిసుక్కుమన్నారు. పాట్సన్‌కి ఆ నవ్వు తగిలింది. పని ఆగిన పూటకి అందరికీ సగం కూలి కోశాడు. ఇరవై రెండు మందీ టార్పాలిన్ కింద కూర్చుని నా కిటికీ వైపే చూస్తూ వక్క నమిలారు. ఎర్రగా ఉమ్మిన ప్రతిసారీ ఉమ్మి ఆఫీసు వైపే పడింది.

ఆ సాయంత్రం ఇంట్లో మా అత్త పళ్ళెం పక్కకి తోసింది. "మొగుణ్ణి వానలో నిలబెట్టి పదిమందిలో నవ్వులపాలు చేసినదాని చేతి కూడు నాకొద్దు." అని, కాసేపయ్యాక ఆ పళ్ళెమే దగ్గరికి లాక్కుని మొత్తం తినేసింది.

సైలస్ ఏమీ అనలేదు. అదే కష్టం. వాడు తిడితే తిరిగి తిట్టగలను.

ఎథెల్ మాత్రం నా తరఫున మాట్లాడింది. బస్టాపులో రింగ్ కేకులు అమ్మేది తను. పిండి కలుపుతూ తల ఎత్తకుండానే అంది: "అమ్మా, ఆ గోతిలోకి దిగేది మా ఆయన. వదిన ఆపిన రోజు నాకు హాయిగా ఉంటుంది. మిగతా రోజులు బస్టాపులో ప్రతి అంబులెన్సుకీ తల తిప్పి చూస్తాను."

లెడ్లీ మూల కూర్చుని చెప్పులకి బురద గీకుతున్నాడు. "కూలి రేపొస్తుంది," అన్నాడు నేలనే చూస్తూ. "చెల్లెమ్మ చూసి దిగమంటేనే నేను దిగుతాను."

ఆ నెలలో ఇంకో రెండుసార్లు ఆపాను. రెండోసారికి ఎవరూ హాస్యాలు ఆడలేదు. మూడోసారికి నాతో మాట్లాడటమే మానేశారు. పొద్దున టీ నేను పోస్తే తాగేవాళ్ళు కాదు. సైలస్ కిటికీ దగ్గరికి రావడం మానేసి, కాగితం కోసం ఇంకొకర్ని పంపేవాడు. ఇంట్లో నా పక్కన పడుకుని గోడ వైపు తిరిగేవాడు. పాట్సన్ పై ఆఫీసుకి ఫోన్ చేసి, ఈస్టర్ లోపు లైను అప్పగించకపోతే కారణం ఆ ఆడమనిషేనని నాకు వినపడేలా చెప్పేవాడు. అన్నిటినీ తట్టుకున్నాను. అరుపుల్నీ, ఉమ్ముల్నీ, కోసిన కూలినీ. వాటికి లొంగకుండా ఉండటం నాకు కష్టం అనిపించలేదు. ఎవరైనా మీదకి వస్తే నాలో ఏదో గట్టిపడుతుంది, చిన్నప్పట్నించీ అంతే.

ఫిబ్రవరి మధ్యలో నాకు మలేరియా వచ్చింది. మూడు రోజులు పడి లేచి, నాలుగో రోజు గురువారం పనికి వెళ్ళాను. ముందు రోజు సాయంత్రం నించి తెల్లారే దాకా వాన. నేను బస్సు దిగేసరికి కూడా సన్నగా పడుతూనే ఉంది. కుర్చీలో కూర్చుంటే బల్ల కొద్దిగా ఊగినట్టుంది. గొడుగు తీసుకుని లేవబోతుంటే సైలస్ తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. కిటికీ దగ్గరికి కాదు, లోపలికి. చేతిలో వేడి టీ, అరటాకులో రెండు రింగ్ కేకులు.

"ముందిది తిను," అన్నాడు.

ఇన్ని వారాల తర్వాత నాతో ఆ మనిషి మాట్లాడిన మొదటి మాట అది. నేను తిన్నాను. వాడు నిలబడే ఉన్నాడు. నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంకా వెచ్చగానే ఉంది. ఈ వానలో ఎక్కడికే నువ్వు?"

"చూసి రావాలిగా."

"నేను చూసొచ్చాను. గోడ గట్టిగా ఉంది. ఇవాళ తీసేది కొత్త ముక్క, ఇంకా ఛాతీ లోతే. తడిస్తే మళ్ళీ పడిపోతావు. కూర్చో."

పాత వాగు పూడ్చిన చోటు ఆ కొత్త ముక్క. ఆ సంగతి నాకు తెలుసు. పది గంటలకల్లా అది మనిషిలోతు అవుతుందనీ తెలుసు. టీ వేడిగా ఉంది. వాడి చొక్కా మీంచి నీళ్ళు నా బల్ల మీద పడుతున్నాయి, చేత్తో తుడుస్తున్నాడు, కాగితాలు తడవకుండా. నేను ఆరు గడుల్లోనూ టిక్కు పెట్టి, ఆరోదాంట్లో ఏడూ పది అని టైము వేసి, సంతకం చేశాను.

తొమ్మిదీ నలభైకి శబ్దం వచ్చింది. పెద్ద శబ్దం కాదు. బియ్యం బస్తా కింద పడేసినట్టు. ఆ తర్వాత పొక్లెయిన్ ఇంజను ఆగిపోయింది. ఆ ఆగిపోవడం విని నేను పరిగెత్తాను.

కొండ వైపు గోడ పడవంత పొడుగున జారిపోయింది. లెడ్లీ నిలబడే ఉన్నాడు, ఛాతీ దాకా మట్టిలో. రెండు చేతులూ పైకి. ముఖం తెల్లగా అయిపోయింది, కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. సైలస్ అప్పటికే పార తీసుకుని అంచు మీదికి వచ్చేశాడు. వెనకే ఎనిమిది మంది. వాళ్ళ బరువుకి అవతలి గోడ అంచు నించి పెళ్ళలు రాలుతున్నాయి.

"పొక్లెయిన్ బకెట్‌తో తీద్దాం, సైలస్, బండి ఎక్కు," అరుస్తున్నాడు పాట్సన్.

విలియామె గొంతు నా తలలో వినిపించింది. మనిషి ఉన్న చోట యంత్రం పెట్టకూడదు. పడ్డ గోడ పక్క గోడ కూడా పడుతుంది. కాపాడటానికి దిగినవాళ్ళే ఎక్కువగా చస్తారు.

నేను సైలస్ చొక్కా వెనక నించి పట్టుకుని లాగాను. "ఎవరూ దిగొద్దు. పలకలు తెండి. పలకలు నిలబెట్టాకే దిగాలి."

"బావ చచ్చిపోతాడే."

"నువ్వు దిగితే ఇద్దరూ పోతారు. పలకలు తీసుకురా."

ఇందాకటి దాకా నాతో మాట్లాడని మనుషులు. ఎందుకు విన్నారో తెలియదు, విన్నారు. పలకలు వచ్చి, దూలాలు బిగించేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను ఒక చెక్క పరిచి దాని మీద బోర్లా పడుకుని లెడ్లీ ముఖంలోకి చూస్తూ ఉన్నాను.

"చెల్లెమ్మా, ఊపిరి రావట్లేదు," అన్నాడు.

"చిన్న చిన్నగా పీల్చు అన్నా. వస్తున్నారు."

"ఎంతసేపు?"

"వచ్చేశారు."

"ఎథెల్‌కి నువ్వే చెప్పు. అత్త చెబితే ఏడుస్తూ చెబుతుంది."

తర్వాత పారలు పక్కన పెట్టి, చేతులతో, వంట గిన్నెలతో మట్టి తీశారు. మొత్తం నలభై నిమిషాలు. ఎడమ కాలు పైపుకీ గోడకీ మధ్య నలిగిపోయింది. ఆసుపత్రిలో రెండో రోజు దాన్ని మోకాలి దగ్గర తీసేశారు. మనిషి బతికాడు.

ఎథెల్‌కి నేనే చెప్పాను, బస్టాపులో, కేకుల బుట్ట ముందు నిలబడి. ఆమె మొదట అడిగింది ఇది: "పర్మిట్ ఉందా?"

"ఉంది," అన్నాను.

"నువ్వు చూసే ఇచ్చావుగా?"

అప్పుడే బస్సు వచ్చింది. ఆమెని ఎక్కించి నేనూ ఎక్కాను. ఆ ప్రశ్న బస్టాపులోనే ఉండిపోయింది. ఆసుపత్రి చేరేసరికి ఎవరో చెప్పేశారు ఆమెకి, పది నిమిషాలు ఎవర్నీ దిగనివ్వలేదట నేను, మొగుడు కళ్ళెదుట కూరుకుపోతుంటే అడ్డం నిలబడ్డానట. ఆ రోజు నించి ఎథెల్ నాతో మాట్లాడలేదు.

ఎనిమిది రోజుల తర్వాత లేబర్ ఆఫీసు నించి ఒక ఆవిడ వస్తోందని తెలిసింది. అంతకు ముందు రోజు పాట్సన్ మా ఇంటికి వచ్చాడు. తోడుగా మా అన్న అలిక్‌ని కూడా పిలిపించాడు. ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. పాట్సన్ మర్యాదగా మాట్లాడాడు, అదే మొదటిసారి.

"జోస్లిన్, నువ్వు ఏడూ పదికి చూశావు. గోడ బాగుంది. తర్వాత వాన పెరిగింది. దేవుడి పని. ఇంతే చెప్పాలి. కంపెనీ లెడ్లీని చూసుకుంటుంది."

"తర్వాత వాన పెరగలేదు, మేస్త్రీ. తొమ్మిదింటికి తెరిపిచ్చింది."

"పెరిగిందో తగ్గిందో కాగితం మీద లేదుగా."

మా అన్న వేరే విధంగా చెప్పాడు. "చూడలేదని నువ్వు నోటితో అన్నావనుకో, తప్పు మన వంశం మీద పడుతుంది. లెడ్లీ వాళ్ళు ఊరి పెద్దల్ని తీసుకుని వస్తారు. పరిహారం కింద గవ్వల దండలు కట్టాలి, పందులు తోలాలి. నీ ఒక్కదాని నోటికి ముప్ఫై మంది కట్టాలి. ఆలోచించుకో, చెల్లీ."

లోపల మా అత్త లాంతరు అద్దం తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. సైలస్ ఇంటి వెనక కట్టెలు కొడుతున్నాడు. మామూలుగా వారానికి సరిపడా కొట్టేవాడు. ఆ వారం వర్షాకాలం మొత్తానికి కొట్టాడు.

లేబర్ ఆఫీసరు ఇసబెల్ దీవి మనిషి, యాభై దాటిన ఆవిడ, బురద బూట్లతోనే నా కుర్చీలో కూర్చుంది. నేను కార్మికులు కూర్చునే బెంచీ మీద. ముందు సైలస్‌ని, మేస్త్రీని అడిగి పంపింది. తర్వాత నా పసుప్పచ్చ కాగితం బల్ల మీద పెట్టింది. బురద వేలిముద్రలు దాని మీద అలాగే ఉన్నాయి.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఏడూ పదికి మీరు అంచు దగ్గరికి వెళ్ళారా?"

ఆ గది నేను రెండేళ్ళు ఊడ్చిన గది. టీ కెటిల్ ఎక్కడుందో, ఏ రేకు కారుతుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కిటికీ అవతల సైలస్ నిలబడి ఉన్నాడు, వినపడేంత దగ్గరగా.

"వెళ్ళలేదు," అన్నాను.

ఆవిడ రాసుకుంది. తల ఎత్తలేదు. "అప్పుడు గోతిలో ఎంతమంది ఉన్నారు?" అని తర్వాతి ప్రశ్న అడిగింది.

సాయంత్రం నేనూ సైలస్ బస్సు ఎక్కకుండా నడిచి వస్తున్నాం. లుంగా నది వంతెన దగ్గర సైలస్ ఆగి నా వైపు తిరిగాడు.

"నేనూ చూడలేదు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"చూసొచ్చానన్నానుగా నీతో. బండి సీటులోంచి చూశాను. దిగలేదు. అక్కడ్నించి గోడ బాగానే కనిపించింది."

"మరి ఆవిడకి ఏం చెప్పావు?"

"అంచు దాకా వెళ్ళి చూశానని చెప్పాను. నువ్వూ అదే చెబుతావనుకున్నాను." వాడు వంతెన కమ్మీ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. "నువ్వు ఇంటికెళ్ళు."

నన్నక్కడే వదిలేసి, వచ్చిన దారినే తిరిగి సైటు వైపు వెళ్ళిపోయాడు, దాదాపు పరిగెత్తుతూ, ఆవిడ జీపు వెళ్ళిపోయేలోగా అందుకోవాలని. అందుకున్నాడట. జీపు అద్దం మీద కొట్టి ఆపి, వానలో నిలబడి మొదటి నించి చెప్పాడట. ఎన్ని తప్పులు చేశాడో ఆ మనిషి, కానీ ఆ సాయంత్రం వాడి వీపు చూస్తూ వంతెన మీద నిలబడటం నేను మరిచిపోలేదు.

నా చేతిలో పెన్ను పోయింది. సైలస్‌కి ఆరు నెలలు ఏ సైటులోనూ బండి ఎక్కకూడదన్నారు. పలకలు సరిపడా తేనందుకు కంపెనీకి జరిమానా పడింది, పాట్సన్‌ని వేరే దీవికి పంపారు. మూడో జత పలకలు మార్చి మొదటి వారంలో ఓడ దిగాయి.

మా అన్న చెప్పినట్టే జరిగింది. మార్చిలో ఒక శనివారం మా వాళ్ళు లారీలో వచ్చారు, ఎర్ర గవ్వల దండలు, రెండు పందులు, బియ్యం బస్తాలు దింపారు. లెడ్లీ వాళ్ళ పెద్దలు ఒకవైపు, మా వాళ్ళు ఒకవైపు. ఎవరో ప్రార్థన చేశారు. దండలు చేతులు మారాయి. లెడ్లీని కుర్చీలో మోసుకొచ్చి కూర్చోబెట్టారు. నాకు చెయ్యి ఇచ్చాడు. "నువ్వు ఆపకపోతే సైలస్ నా మీద పడి ఉండేవాడు. అది నాకు తెలుసు," అన్నాడు మెల్లగా. "దానికి ముందుది కూడా నాకు తెలుసు." చెయ్యి మాత్రం వదల్లేదు కాసేపు. మా అన్న నా వంక చూడకుండానే లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు మా గుమ్మం తొక్కలేదు.

ఎథెల్ ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఒకే పొయ్యి మీద ఇద్దరం వండుకుంటూ, ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ, ఏడు వారాలు మాట లేకుండా గడిపాం. ఉప్పు కావాలంటే ఆమె మా అత్తని అడిగేది, అత్త నన్ను అడిగేది. నేను రింగ్ కేకులు వేయించి పెడితే అమ్ముకొచ్చేది, గిన్నె తిరిగి నా ముందు పెట్టేది. సైలస్ రేవులో బస్తాలు మోసేవాడు. పనిలేని నాకు పొద్దున నాలుగింటికే మెలకువ వచ్చేది. లేచి ఇంటి చుట్టూ తిరిగేదాన్ని, చూడాల్సిన గొయ్యి ఏదీ లేకపోయినా.

ఏప్రిల్‌లో వానలు తగ్గాయి. ఒక మధ్యాహ్నం నేను ఇంటి వెనక బట్టలు ఆరేస్తుంటే ఎథెల్ వచ్చి తీగకి అవతల నిలబడింది. మా ఇద్దరి మధ్యా లెడ్లీ లుంగీ ఆరేసి ఉంది.

"వదినా," అంది. "ఒకటి అడుగుతాను. అబద్ధం చెప్పకు."

"అడుగు."

"ఆ రోజు నువ్వు వెళ్ళి ఉంటే నీకేం కనిపించేది?"

నేను తడి బట్ట బకెట్‌లో వేశాను. ఈ ప్రశ్న లేబర్ ఆఫీసరు అడగలేదు, మేస్త్రీ అడగలేదు, సైలస్ అడగలేదు. నాలో నేను మాత్రం రోజూ అడుగుతున్నదే. గోడ పడ్డాక తీసిన ఫోటోల్లో, పడకుండా మిగిలిన ముక్కలో, జవాబు చూశాను నేను.

"పగులు కనిపించేది," అన్నాను. "అంచుకి చెయ్యంత దూరంలో, అంచు పొడుగునా. గోడ పడేముందు పైన నేల అట్లా విచ్చుకుంటుంది."

"వెంట్రుక లాగా ఉంటుందా? తెలిసినవాళ్ళకే కనపడుతుందా?"

నేను బకెట్ వైపు వంగాను.

"చూపించు," అంది.

మా ఇళ్ళ వెనక వాగు ఒడ్డు ఆ వానలకి కోసుకుపోయి ఉంది. ఇద్దరం కుమరా తోట దాటి అటు నడిచాం. ముందు నేను, వెనక ఆమె. ఒడ్డు మనిషిన్నర ఎత్తు, కింద బురదనీళ్ళు. అంచు దగ్గర గడ్డి ఉన్నచోట నేను మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పక్కకి తీశాను. ఎథెల్ నా పక్కన బోర్లా పడుకుంది, చీకిన ఆకుల మీద, మంచి గౌనుతోనే.

పగులు ఉంది అక్కడ. ఒడ్డు పొడుగునా, మా ఇద్దర్నీ దాటి ఇంకా అవతలికి. రెండు వేళ్ళు పట్టేంత వెడల్పు.

ఆమె అందులో తన వేళ్ళు పెట్టింది. మణికట్టు దాకా వెళ్ళింది చెయ్యి. తీసి, మట్టి చూసుకుని, మళ్ళీ పెట్టింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంత బాగా కనిపిస్తుందా?"

"ఆ. ఇంత బాగా కనిపిస్తుంది."

ఎథెల్ చెంప నేలకి ఆనించి పగులు వెంట చూస్తూ ఉంది. ఏడవలేదు. నన్ను తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిట్టాలనే కోరుకున్నాను. కింద వాగులో ఎవరివో బాతులు ఈదుకుంటూ పోయాయి.

తర్వాత ఆమె మోచేతుల మీద వెనక్కి పాకి లేచి నిలబడింది. గౌను దులుపుకోలేదు. నా వైపు చూడకుండా, నా భుజం మీద బట్ట పట్టుకుని గట్టిగా లాగింది.

"ఇటు జరుగు వదినా," అంది. "అంచు మీద ఉన్నావు."